కదిలిన రాయి

ఎక్స్‌రేని కిటికీ అద్దానికి ఆనించి చూస్తున్నాను.
"ఎముకా ఎముకా ఒరుసుకుంటున్నాయి,
మధ్యన ఏమీ మిగల్లేదు" అంది డాక్టర్ కింతెలా.
ఆ ఏమీ లేనిది ఎక్కడుందా అని వెతుకుతున్నాను.
అద్దానికి అవతల గ్రాసా కొండ మెట్లు
నా ఎముకల్లోంచి కనబడుతున్నాయి.

నలభై ఒక్కేళ్లు ఈ ఊరి కాలిబాటలకు రాళ్లు పేర్చాను.
గుప్పిట్లో పట్టే సున్నపురాయి, తెల్లది.
అంచుకీ అలకీ ఓడబొమ్మకీ నల్లది.
అరచేతిలో తిప్పి, సుత్తితో ఒక్క దెబ్బ.
ముఖం ఎటుందో రాయే చెబుతుంది.
కుడికాలు ముడిచి, ఎడమ మోకాలు ఇసుకలో గుచ్చి.
ఆ ఎడమ మోకాలే ఇది.
లిస్బన్ అంతా నా మోకాలి మీదే నడిచిందంటే
బడాయి అంటుంది గ్రసిందా.
ఎక్స్‌రేకి బడాయి తెలీదుగా.

గ్రసిందాది ఒకటే మాట: చేయించుకో.
ఆమె తమ్ముడు బెల్మీరుది ఒకటే మాట: వద్దు.
వాడు చేయించుకుని మూడేళ్లు.
"నడుస్తున్నాను, కాదనను.
వానొచ్చే ముందు సలుపు పుట్టేది, ఇప్పుడు అదీ లేదు,
గొడుగు మర్చిపోతున్నాను."
అదా నీ ఫిర్యాదు అంటే
గ్లాసు కింద పెట్టి, గొంతు తగ్గించాడు:
"మోకరిల్లలేను అడెలీనూ.
అమ్మ శవపేటిక దగ్గర అందరూ వంగారు.
నేనొక్కణ్ణే దీపస్తంభంలా నిలబడ్డాను."

నేను దేవుడి ముందు మోకరిల్లింది తక్కువ.
ఇసుక ముందే ఎక్కువ.

తీసిన ముక్కని ఏం చేస్తారని అడిగాను డాక్టర్‌ని.
ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదట.
"కాల్చేస్తాం."
మరి కొత్తది ఎన్నాళ్లొస్తుంది?
"పదిహేనేళ్లు, ఇరవై. మీకిప్పుడు అరవై ఆరు."
మిగతా కూడిక నన్నే చేసుకోమన్నట్టు
కాగితాల్లోకి తల దించింది.

మా పనిలో ఒకటుంది.
రాయి కదిలిందని చూడగానే పీకకూడదు.
ఒకదాని భుజం ఒకటి పట్టుకుని నిలబడ్డవవి,
ఒక్కటి లేస్తే నాలుగు వదులవుతాయి.
మా మేస్త్రీ అల్సీను బూటు మొనతో తట్టి
"ఇంకో చలికాలం కాస్తుందిలే" అనేవాడు,
లేదా మాట్లాడకుండా గునపం అందుకునేవాడు.
ఏది చూసి తేల్చుకునేవాడో
పదకొండేళ్లు పక్కన కూర్చున్నా నాకు చిక్కలేదు.
పట్టుపట్టి అడిగితే
"చప్పుడు" అన్నాడొకసారి.
అంతే.

నిన్న వాన వెలిశాక రొట్టెకని దిగాను.
నూట పద్నాలుగు మెట్లు.
ఇదివరకు లెక్కపెట్టేవాణ్ణి కాదు.
మూడో మలుపులో, నీళ్లపైపు కోసం తవ్విన చోట
ఒక పిల్ల రాళ్లు పేరుస్తోంది.
జుల్మీరా అట, వాళ్లమ్మది కేప్ వెర్దె.
రెండు మోకాళ్లకీ రబ్బరు మెత్తలు.
మా రోజుల్లో గోనెపట్టా మడత ఉంటే గొప్ప.
అల వంపు దగ్గర రాయి తల్లకిందులుగా పెట్టింది.
చూసి ఊరుకోవచ్చు.
ఊరుకోలేను.

వంగబోయాను, వంగలేదు.
సరే అని తడిబాట మీద చతికిలబడి,
కాలు చాపి, రాయి తిప్పి కూర్చోబెట్టాను.
"ఓహో" అంది పిల్ల.
ఆ ఒక్క ఓహో కోసం ఇంకో నలభై ఏళ్లు పని చేయొచ్చు.

లేవడానికి మాత్రం ఇద్దరు కావాల్సొచ్చారు.
ఆ పిల్ల ఒక రెక్క, రొట్టెలవాడు ఒక రెక్క.
లేస్తుంటే విన్నాను,
తడి ఇసుకలో రాయి పక్కకి ఒరిగినట్టు,
చిన్నగా,
నా లోపల.
ఇదేనా అల్సీనూ?

రాత్రి మంచం మీద కూర్చుని
వేలి కణుపుతో మోకాలు తడుతున్నాను.
మళ్లీ.
మళ్లీ.
"అది తలుపు కాదు తెరుచుకోవడానికి,"
చీకట్లోంచి గ్రసిందా.
"రేపు ఫోన్ చెయ్యి."
చేస్తానన్నాను.
చేసి, ఆ ముక్కని కాల్చొద్దని,
నాకే ఇచ్చెయ్యమని అడుగుతానన్నాను.
ఏదో ఒక బాటలో
దాని కొలతకి సరిపడే సందు ఉండకపోదు.

కాసేపు చప్పుడు లేదు.
"తెల్లరాళ్ల వైపు పెట్టు," అంది,
"నల్లటివాటిలో కొట్టొచ్చినట్టు కనబడుతుంది."
దుప్పటి తనవైపు లాక్కుంది.